మాస్టారూ, ముందు ఉప్పలపాడు చెరువు గట్టున కూర్చోండి

నరసరావుపేట నుంచి ఒక మాస్టారు అడిగారు: "వచ్చే ఏడాది 62 నిండి రిటైరవుతున్నాను. పక్షుల్నీ జంతువుల్నీ వాటి చోటుకే వెళ్ళి చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మోకాళ్ళ నొప్పులున్నాయి, షుగరుంది. మా ఆవిడకి పాములంటే భయం. పిల్లలు ఈ వయసులో అడవులెందుకంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? పులి ఖాయంగా కనపడే చోటేది?"

మాస్టారూ, మాది మార్కాపురం. 31 ఏళ్ళు బస్సు డ్రైవరుగా చేశాను. అందులో సగానికి పైగా దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ డ్యూటీలే. రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఆ డ్యూటీల్లో ఉన్నన్నాళ్ళూ రోజుకు రెండుసార్లు నల్లమల దాటాను గానీ అడవి గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. కళ్ళు మలుపు మీద, కాలు బ్రేకు మీద, మనసు టైము మీద ఉండేవి. తుమ్మలబైలు దగ్గర దుప్పుల మంద అడ్డం వస్తే హారన్ కొట్టి పోయేవాణ్ణి. మగ దుప్పి కొమ్ములు ఏటా ఊడిపోయి మళ్ళీ మొలుస్తాయన్న సంగతి కూడా రిటైరయ్యాకే తెలిసింది. మీకున్న కోరిక నాకు చాలా ఆలస్యంగా పుట్టింది. అందుకే మీ ప్రశ్నకి కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

పులి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఉప్పలపాడు వెళ్ళండి. గుంటూరు పక్కనే, మీకు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేంత దూరం. అదొక మామూలు ఊరి చెరువు. మధ్యలో మట్టి దిబ్బలు, వాటి మీద తుమ్మచెట్లు, ఆ చెట్ల నిండా పక్షులు. గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు అన్నీ ఒకదాని పక్కన ఒకటి కాపురం పెట్టి ఉంటాయి. గట్టు మీద కూర్చుంటే చాలు, మోకాళ్ళకి పని లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఒక రోజు ఎంచుకోండి. ఎండ ఎక్కకముందే చేరుకోండి.

అక్కడ మీరు చేయాల్సింది ఒకటే. ఒక గూడు ఎంచుకుని దాన్నే అరగంట చూడండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పది నిమిషాల్లో "చూశాం కదా, ఇక పోదాం" అనిపించింది. 31 ఏళ్ళు టైము చూసుకుంటూ బతికిన వాడికి ఒకచోట కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రెండోసారి మాత్రం పట్టుబట్టి కూర్చున్నాను. ఒక గూడబాతు వచ్చి గూటి అంచున వాలింది. మెడ బిగించి ముక్కు కాస్త కిందికి దించింది. గూట్లో ఉన్న పిల్ల, అప్పటికే కోడిపుంజంత ఉంది, తల్లి ముక్కు కింద సంచిలోకి తల దూర్చింది. తలతో ఆగలేదు, మెడంతా లోపలికి పోయింది. బయట రెక్కలు మాత్రం టపటపా కొట్టుకుంటున్నాయి. తల్లి గొంతు కోసుకుపోతుందేమోనని నాకే భయమేసింది. నిమిషం తర్వాత తల బయటికి తీసి, ముక్కుకి అంటిన చేప పొలుసు దులుపుకుని, మళ్ళీ దూర్చింది. తల్లి కదల్లేదు. మా అమ్మ పెద్ద సంసారంలో అందరికీ వడ్డించి, చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినేది. ఆ చెరువు గట్టున నాకు ఆమె గుర్తొచ్చింది.

ఒక్క మాట. అక్కడ ఎవరైనా ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని చెప్తే నమ్మకండి. గూడబాతూ ఎర్రకాళ్ళ కొంగా మన దేశపు పక్షులే. నీళ్ళూ చేపలూ ఉన్నచోటికి మారుతుంటాయి, అంతే. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులు, ఉల్లంకి పిట్టలు వేరే ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, దూరం నుంచి వచ్చిన చుట్టమంటే మనం గౌరవిస్తాం, మన ఊళ్ళోనే పుట్టిందంటే పట్టించుకోం. ఈ చెరువు ఎండినా పూడినా వాటికి వెళ్ళడానికి వేరే దేశమేమీ లేదు.

రెండో ప్రయాణం నేలపట్టు పెట్టుకోండి. గూడూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలో దొరవారిసత్రం స్టేషన్‌లో ప్యాసింజర్ బండి దిగితే దగ్గరే. నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. చెరువులో వాటి రెట్ట పడుతుంది కాబట్టి ఆ నీళ్ళు పొలాలకి బలం. ఆయకట్టు రైతుకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, పక్షుల్ని ఆయనే కాపాడుకుంటాడు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనూ అంతే. అక్కడ ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే కాపురాలు. నాకు హెచ్చరిక బోర్డులకంటే ఇలాంటి ఊళ్ళ మీదే నమ్మకం ఎక్కువ. నేలపట్టు నుంచి సూళ్ళూరుపేట వెళ్ళి, శ్రీహరికోట రోడ్డులో పులికాట్ సరస్సు మధ్యకి చేరితే, నీళ్ళున్న ఏడాది రెండు వైపులా ఫ్లెమింగోలు కనపడతాయి. ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్ళు వడకట్టుకుంటుంటాయి. బండి దిగక్కర్లేదు.

ఇక పులి. ఖాయంగా కనపడే చోటు మన రెండు రాష్ట్రాల్లో లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో టైగర్ ప్రాజెక్టు కిందికి వచ్చింది. దేశంలోని టైగర్ రిజర్వుల్లో విస్తీర్ణంలో అదే పెద్దది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతలి వైపు అడవి అమ్రాబాద్ రిజర్వయింది. అంత పెద్ద అడవిలో, అన్ని లోయల్లో పులి మన కోసం రోడ్డు మీదికి రాదు. ఘాట్‌లో అన్నేళ్ళు తిరిగి నేను చూసింది రెండుసార్లు. రెండుసార్లూ కలిపి పావు నిమిషం ఉండదు. ఒకసారి తెల్లవారుజామున మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. ఇంజిన్ ఆపేశాను. అది బస్సు వైపు చూసింది, భయపడలేదు, కోపపడలేదు. మూడడుగులేసి బోదగడ్డిలోకి దిగిపోయింది. వెనక సీట్లో ఒకాయన "ఏమైంది డ్రైవరూ, బ్రేక్‌డౌనా?" అని అడిగాడు.

రిటైరయ్యాక మా అల్లుడు ఉత్తరాదిలో పేరున్న ఒక పార్కుకి తీసుకెళ్ళాడు. అక్కడ పులి కనపడింది. దాని చుట్టూ పద్నాలుగు జీపులు. లెక్కపెట్టాను. ఒకతను వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్ళకి చూపిస్తున్నాడు, ఇంకొకతను డ్రైవర్ని ముందుకు పోనివ్వమని తొందరపెడుతున్నాడు. గడ్డిలో దాని పిల్ల ఉంది. అవతల ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళడానికి జీపుల మధ్య సందు కోసం చూస్తోంది. ఒక అడుగు వేస్తుంది, ఇంజిన్ చప్పుడుకి వెనక్కి తగ్గుతుంది. అలా నాలుగుసార్లు. దాన్ని చూశాక నాకు పులిని చూసిన సంతోషం మిగల్లేదు. అలాంటి చోటికి మళ్ళీ వెళ్ళలేదు.

దానికి బదులు ఆత్మకూరు వైపు బైర్లూటి దగ్గర ఒక సాయంత్రం గురించి చెప్తాను. నా బస్సులో ఎన్నో ఏళ్ళు ప్రయాణం చేసిన ఒక చెంచు పెద్దాయన ఉన్నారు, అటవీశాఖలో వాచరుగా చేశారు. గూడెం అంచున ఇప్పచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నారు. వెలుతురు తగ్గుతుండగా ఎదురు కొండ మీద కొండముచ్చు ఒక్కసారి "ఖక్" అంది. ఆయన వేలెత్తారు. కాసేపటికి ఇంకా కిందనుంచి మళ్ళీ అదే అరుపు. తర్వాత దుప్పి కేక. ఆఖర్న బాగా కిందనుంచి కణితి (సాంబార్ జింక), లోతైన గొంతుతో ఒక్కటే కేక. "పులి లోయలోకి దిగింది. కణితి కూడా చెప్పిందంటే ఇక అనుమానం లేదు" అన్నారాయన. మా కంటికి ఏమీ కనపడలేదు. కానీ ఆ పావుగంటలో పులి ఎక్కడ బయల్దేరి ఎటు వెళ్ళిందో గీత గీసినట్టు తెలిసింది. పొద్దున బాట మీద దుమ్ములో అడుగు చూపించారు. గుండ్రటి మడమ, నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తు లేదు. కుక్క అడుగైతే గోళ్ళు పడతాయట, పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. నా అరచెయ్యి దాని పక్కన పెట్టి చూసుకున్నాను. రోడ్డు మీద నేను చూసిన రెండు పులులకంటే ఆ కనపడని పులే నాకు ఎక్కువ గుర్తుంది.

మాస్టారూ, ఇప్పుడు చెప్పబోయేది నేను ఎక్కువమందికి చెప్పలేదు. ఒకసారి లేటయింది. దోర్నాలలో పది నిమిషాలు ఎక్కువ ఆగాల్సొచ్చింది. ఆ పది నిమిషాలు ఘాట్‌లో కలుపుకుందామని తొక్కాను. మలుపు దాటగానే దుప్పుల మంద. పెద్దవి దూకేశాయి. ఆఖర్న ఒక పిల్ల, ఒంటి మీద చుక్కలు ఇంకా పాలు చిలకరించినట్టున్నాయి, నా చక్రం కింద పడింది. దిగి పక్కకి లాగి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది. చెట్ల వెనక నుంచి తల్లి అరుస్తోంది. ప్రయాణికులు టైమవుతోందన్నారు, ఎక్కి పోనిచ్చాను. శ్రీశైలం చేరేసరికి నాలుగు నిమిషాలు ముందున్నాం. ఆ నాలుగు నిమిషాలు నేను టీ తాగుతూ గడిపాను.

అందుకే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా నల్లమల రోడ్లలో గేట్లు వేస్తారని ఎవరైనా విసుక్కుంటే నాకు బాధేస్తుంది. దోర్నాల వైపైనా, అవతల మన్ననూరు వైపైనా పద్ధతి ఇదే. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిపిల్లి, పునుగుపిల్లి అన్నీ ఎక్కువగా తిరిగేది రాత్రే. పగలంతా మనదే కదా. రాత్రి ఆ తొమ్మిది గంటలన్నా రోడ్డు వాటికి ఇవ్వలేమా? ఒక గంట ముందు బయల్దేరితే పోయేదానికి అంత టెన్షన్ ఎందుకు? ఇప్పటి రోజుల్లో నాకు నచ్చనిది ఇదే. బండ్లు మంచివొచ్చాయి, రోడ్లు బాగుపడ్డాయి, మిగిలిన టైముతో మనం చేస్తున్నదేమిటో ఎవరూ చెప్పరు.

ఘాట్‌లో బండి ఆపి కోతులకి అరటిపళ్ళు, కొబ్బరిచిప్పలు వేసేవాళ్ళకి కూడా చేతులెత్తి చెప్తున్నాను, పుణ్యం అనుకోకండి. ఆ పండు కోసమే అవి చెట్లు వదిలి రోడ్డెక్కుతాయి. తల్లి కడుపుకి పిల్ల కరుచుకుని ఉంటుంది, వెనక బండి వస్తుంటుంది. పండుతో పాటు పారేసిన కవరు ఉప్పగా ఉంటుంది కాబట్టి దుప్పులు నమిలి మింగుతాయి. శివరాత్రికీ ఉగాదికీ ఆ అడవిలో కాలినడకన మల్లన్న దగ్గరికి వెళ్ళే భక్తుల్ని చూశాను. ఉగాదికైతే కర్ణాటక నుంచి వేలమంది వస్తారు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడుస్తారు. వాళ్ళ భక్తికి దణ్ణం పెడతాను. నీళ్ళ సీసా వెంట తెచ్చినట్టే వెంట తీసుకుపోతే ఆ దేవుడు ఇంకా సంతోషిస్తాడని నా నమ్మకం.

వెలుతురు గురించి కూడా చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఫిబ్రవరిలో శ్రీకాకుళం జిల్లా తీరంలో మా బంధువుల ఊళ్ళో ఉన్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ నెలల్లోనే రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక ఆడ తాబేలుని దూరం నుంచి చూశాం, టార్చి వెయ్యకుండా. వెనక కాళ్ళతో ఒక్కొక్క చారెడు ఇసుక తీసి పక్కన పోస్తూ కుండలాంటి గుంట తవ్వింది. నూరు గుడ్లు పెడుతుందట ఒక్క విడతలో. పూడ్చాక ఒంటి బరువంతా వేసి ఆ ఇసుకని తొక్కి అదిమింది. తర్వాత వెనక్కి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఏడెనిమిది వారాలకి పిల్లలు వాటంతట అవే బయటికొచ్చి, ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రమే కాస్త మెరుస్తుంది కాబట్టి అటే పోతాయి. ఇప్పుడు ఒడ్డున రిసార్టు దీపాలు, రోడ్డు మీద ఎల్ఈడీలు. పిల్లలు సముద్రానికి వీపు చూపించి రోడ్డెక్కుతున్నాయి. అటవీశాఖ వాళ్ళూ ఊరి కుర్రాళ్ళూ గుడ్లు తీసి కంచెలో పూడ్చిపెట్టి, పిల్లలయ్యాక తెల్లవారకముందే నీటి అంచున వదులుతున్నారు. వాళ్ళ గురించి ఎంత మంచి చెప్పినా తక్కువే. కానీ దీపం ఆర్పడం అంతకంటే తేలిక కదా.

కొత్తవన్నీ చెడ్డవని నేననను. మా మనవడు ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ పెట్టిచ్చాడు. పిట్ట అరుపు వినిపిస్తే పేరు చెప్తుంది. తెలుగు పేర్లు నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చాయి, మిగతావి ఆ యాప్ నేర్పింది. తప్పులు చెప్తుంది కాబట్టి కంటితో చూసి సరిచూసుకోండి. చూసినవి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాస్తుంటాను. మన ఊరి చెరువులో ఏ నెలలో ఏముందో పదేళ్ళ తర్వాత ఎవరికైనా అక్కరకొస్తుంది. మీరు టీచరు కదా, మీకు రాయడం అలవాటే. ఒక్క విన్నపం, ఆ యాప్‌లో పిట్ట కూత పెట్టి పిట్టని పిలవకండి. ఇంకో మగపిట్ట తన చోటుకొచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకొస్తుంది.

మీ ఆరోగ్యం సంగతికొస్తే, బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి, 8x42 అని రాసి ఉన్నది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పన్నెండు, ఇరవై రెట్లవి కొంటే మన వయసులో చెయ్యి వణికి ఏమీ ఆనదు. షుగరుంది కాబట్టి జేబులో గ్లూకోజు, బిస్కెట్లు ఉండాలి. సఫారీ పొద్దున్నే ఉంటుంది, టిఫిను లేటవుతుంది. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో జీపెక్కకండి. అడవి లోపల ఫోన్ సిగ్నల్ ఉండదని పిల్లలకి ముందే చెప్పండి, ఎన్నింటికి బయటికొస్తారో చెప్పండి. మా అమ్మాయి మొదట్లో రోజుకు పదిసార్లు ఫోన్ చేసేది, ఇప్పుడు సాయంత్రం ఒక్కసారే. వానల్లో టైగర్ రిజర్వుల్లో సఫారీలు ఆపేస్తారు, కనుక్కుని వెళ్ళండి. వాన వెలిశాక గడ్డిలో పిడుదులుంటాయి, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. రైల్లో మన వయసువాళ్ళకి ఉన్న రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది గానీ లోయర్ బెర్త్ కోటా ఉంది, టికెట్ తీసేటప్పుడు అది ఎంచుకోండి.

ఎలుగుబంటి గురించి మాత్రం జాగ్రత్త. పులికంటే నాకు దాని భయమే ఎక్కువ. చూపు మందం, మనిషి దగ్గరికొచ్చేదాకా తెలియదు, తెలిసిన మరుక్షణం బెదిరి మీద పడుతుంది. పుట్టలూ, రాళ్ళ గుట్టలూ ఉన్నచోట గైడు లేకుండా, పొద్దుగూకాక ఒక్కరే నడవకండి.

మీ ఆవిడగారికి పాముల భయమన్నారు. ఆ భయం పోవాలని నేను చెప్పను, జాగ్రత్తకి అది మంచిదే. మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. కాలు పెట్టే చోటు చూసి పెట్టడం, రాత్రి టార్చి లేకుండా బయటికి రాకపోవడం, బూటు దులిపి తొడుక్కోవడం చాలు. ఒకవేళ కాటు పడితే గుడ్డతో బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలూ చెయ్యీ కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, యాంటీవీనం (విషానికి విరుగుడు మందు) ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. మంత్రం దగ్గర పోయే గంటే ప్రాణం తీస్తుంది.

ఆమె రానంటే బలవంతం చెయ్యకండి, ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యండి. మా ఇంటావిడ కూడా మొదట రానంది. వరి కోతలప్పుడు నేను కంకులు తెచ్చి కుచ్చు కట్టి వరండా దూలానికి వేలాడదీశాను. పెంకుటిళ్ళున్నప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది కదా. పైన ఒక చెప్పుల అట్టపెట్టె, పిచ్చుక దూరేంత రంధ్రం చేసి కట్టాను. నెలన్నర ఏమీ రాలేదు. తర్వాత ఒక మగ పిచ్చుక వచ్చి మెడ కింద నల్ల మచ్చ చూపించుకుంటూ పెట్టె మీద కూర్చుంది. పిల్లలు పుట్టాక తెలిసింది, వాటికి గింజలు పెట్టదు, పురుగులు తెచ్చి పెడుతుంది. పెరట్లో మందు కొట్టడం మా ఆవిడే మాన్పించింది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆ పెట్టె కిందే కూర్చునేది. ఆ ఏడాది డిసెంబరులో నేలపట్టుకి రెండు టికెట్లు తియ్యమని ఆమే అడిగింది.